బూచాడి పేరు బోనీ

దసరా సెలవులు అయ్యాక మా ఇంగ్లీషు మేడం గారు బోర్డు మీద ఇంగ్లీషు జాతీయాలు కొన్ని రాసి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చి సొంత వాక్యంలో వాడమన్నారు. అన్నీ భయపెట్టడం గురించినవే. నాకు వచ్చింది "స్కేర్ ద లివింగ్ డేలైట్స్ అవుట్ ఆఫ్ సంబడీ". నేను "ఐ స్కేర్డ్ ద లివింగ్ డేలైట్స్ అవుట్ ఆఫ్ మై సిస్టర్" అని రాశాను. రెండుకి రెండు మార్కులు పడ్డాయి.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. వెనక బెంచీవాడు "అంటే ఏంట్రా?" అని అడిగాడు. నేను మాటకి మాట పెట్టి "బతికున్న పగటి వెలుతుర్లని బయటికి లాగేయడం" అన్నాను. క్లాసు క్లాసంతా నవ్వు. మేడం గారు కూడా నవ్వేసి, "గుండె జారిపోయేలా భయపెట్టడం అని చెప్పు నాయనా" అన్నారు. మరి అందులోకి వెలుతురు ఎందుకొచ్చిందండీ అని అడిగాను. "అడిగింది నువ్వే కాబట్టి నువ్వే కనుక్కుని రా" అన్నారు.

ఈ వ్యాసం అలా మొదలైంది. నేను రాసిన వాక్యం మాత్రం మార్కుల కోసం పుట్టించింది కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ వెలుతురు సంగతి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో వీధి భాషలో డేలైట్స్ అంటే కళ్ళు. పగటి వెలుతురు లోపలికి వచ్చేది కళ్ళలోంచే కదా. హెన్రీ ఫీల్డింగ్ అనే రచయిత 1751లో అచ్చు వేసిన "అమీలియా" నవలలో ఒక పాత్ర ఇంకొకరి డేలైట్స్‌ని చీకటి చేసేస్తానని బెదిరిస్తుంది. అంటే కళ్ళు వాచి మూసుకుపోయేలా కొడతానని. అది చేతులకి గ్లవ్సు లేకుండా, ఉత్త పిడికిళ్ళతో కొట్టుకునే బాక్సింగు జోరుగా సాగుతున్న కాలం. ఆ పోటీలకి మొదటిసారి రాతలో నియమాలు పెట్టింది జాక్ బ్రౌటన్ అనే ఆయన, 1743లో. అప్పటి జనానికి కళ్ళు మూసుకుపోవడం అనేది కళ్ళారా చూసిన విషయం.

తర్వాత తర్వాత డేలైట్స్ అనే మాట కళ్ళని వదిలేసి, లోపలున్న ప్రాణానికి అంటుకుంది. నొక్కి చెప్పడానికి ముందు "లివింగ్" తగిలించారు. మొదట "కొట్టి" డేలైట్స్ తీసేవారు, తర్వాత "భయపెట్టి" తీయడం మొదలైంది. జేమ్స్ బాండ్ కథలు రాసిన ఇయన్ ఫ్లెమింగ్ 1962లో "ద లివింగ్ డేలైట్స్" అనే కథ రాశాడు, అదే పేరుతో 1987లో సినిమా కూడా వచ్చింది. ఆ పేరు విన్నవాళ్ళలో ఎంతమందికి వాచిపోయిన కన్ను గుర్తొచ్చి ఉంటుంది?

ఇక్కడ నాకొక తమాషా కనిపించింది. ఇంగ్లీషువాడిని బాగా భయపెడితే వాడి పగటి వెలుతురు పోతుంది. మన తెలుగువాడిని ఏడిపిస్తే వాడికి పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి. ఇద్దరికీ పగలు పాడయిందనే అర్థం.

ఒంటికి సంబంధించిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి గానీ వాటి మీద ఎక్కువ సేపు ఆగను. "బ్లడ్ రన్ కోల్డ్" అంటే నెత్తురు చల్లబడడం. యూరపు పాత వైద్యంలో ఒంట్లో నాలుగు రసాలు ఉంటాయనేవారు, నెత్తురు వాటిలో వేడిది. భయపడితే ఆ వేడి పైనుంచి లోపలికి పారిపోతుందని నమ్మేవారు. 1628లో విలియం హార్వే నెత్తురు గుండె నుంచి ఒళ్ళంతా తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని రుజువు చేసి ఆ వైద్యానికి గండి కొట్టాడు. వైద్యం పోయింది, మాట మిగిలింది. మనం హారర్ సినిమా అంటాం కదా, ఆ హారర్‌కి లాటిన్‌లో మూలార్థం వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. "పెట్రిఫైడ్" అంటే రాయైపోవడం. పెట్రోలు బంకులోని పెట్రో, ఇందులోని పెట్రి రెండూ గ్రీకు భాషలో రాయికి ఉన్న ఒకే మాట నుంచి వచ్చాయి. భయంతో వాళ్ళు రాయి అయ్యారు, మనం కొయ్యబారిపోయాం.

ఇవన్నీ ఎవరికైనా జరిగేవే. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే రకం. అవి ఫలానా కాలంలో, ఫలానా మనుషులు పడ్డ భయం నుంచి పుట్టినవి.

1803 నుంచి 1805 దాకా నెపోలియన్ తన సైన్యాన్ని ఫ్రాన్సు ఒడ్డున బులోన్ అనే ఊరి దగ్గర దించి పెట్టాడు. సముద్రం దాటితే ఇంగ్లండే. లక్షకు పైగా సిపాయిలు, వాళ్ళని దాటించడానికి పడవలు. అవతలి ఒడ్డున ఇంగ్లీషువాళ్ళకి నిద్ర లేదు. ఆ రోజుల్లోనే అక్కడి తల్లులు, దాదులు అల్లరి పిల్లల్ని "పడుకోకపోతే బోనీ వచ్చి ఎత్తుకుపోతాడు" అని బెదిరించేవారు. బోనీ అంటే బోనపార్టే. జేమ్స్ గిల్‌రే అనే ఆయన గీసిన బొమ్మల్లో అతను గింజుకుంటూ కేకలు పెట్టే పొట్టివాడు. పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం మనుషుల్ని తినే రాక్షసుడు. అతను సముద్రం దాటనే లేదు. 1805 ఆగస్టులో ఆ సైన్యాన్ని ఆస్ట్రియా మీదికి మళ్ళించాడు. అక్టోబరులో ట్రఫాల్గర్ దగ్గర అతని నౌకాదళం దెబ్బతింది. అయినా బోనీ పేరు పిల్లల గదుల్లోంచి పోలేదు.

మా ఊరికి ఈ కథతో చుట్టరికం ఉంది. మాది యానాం. ఫ్రెంచివాళ్ళ ఊరు. ఫ్రాన్సులో విప్లవం వచ్చి ఇంగ్లండుతో యుద్ధం మొదలయ్యాక 1793లో ఇంగ్లీషువాళ్ళు యానాన్ని పట్టుకున్నారు. నెపోలియన్ చక్రవర్తిగా ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఫ్రెంచి జెండా లేదు. అతని కథ ముగిశాకే ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. అంటే లండన్‌లో పిల్లలు బోనీ వస్తాడని దుప్పట్లో దూరుతున్న రోజుల్లో, బోనీ వాళ్ళ ఊరైన మా ఊళ్ళో లండన్‌వాళ్ళే కూర్చుని ఉన్నారు.

మనకి కూడా ఇలాంటి కథే ఒకటి ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ 1757లో విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి మీదికి వెళ్ళాడు. ఆ కోటలో ఏం జరిగిందో మీ అందరికీ తెలిసిందే. ఆ బుస్సీ పేరే జనం నోళ్ళలో నలిగి "బూచి" అయిందని, బూచాడంటే బుస్సీయే అని చెప్పుకుంటారు. పుదుచ్చేరిలో బుస్సీ పేరుతో ఒక వీధి కూడా ఉంది, ఆయన పోయింది కూడా అక్కడే, 1785లో. వినడానికి బావుంది. వాళ్ళకొక ఫ్రెంచివాడు, మనకొక ఫ్రెంచివాడు. కానీ నాకు అనుమానం. మా బాబాయి వాళ్ళు ఉద్యోగం మీద పుదుచ్చేరిలో ఉంటారు. అక్కడి తమిళ పిల్లలు ఇలాంటివాడినే "పూచ్చాండి" అంటారు. ఆ మాటకీ బొబ్బిలికీ ఏం సంబంధం? రెండు మాటలు ఒకేలా వినిపించగానే వియ్యం కలిపేయకూడదని మా సోషల్ మాస్టారు అంటారు. ఇంగ్లీషు "బోగీమాన్" కూడా బోనీ నుంచి రాలేదు. అది అంతకంటే పాత దయ్యం మాట.

బోనీ కథలో అసలు ముక్క ఇంకా చెప్పలేదు.

1815లో వాటర్లూ దగ్గర ఓడిపోయాక నెపోలియన్‌ని సెయింట్ హెలీనా ద్వీపానికి పంపించారు. అది అప్పట్లో ఈస్టిండియా కంపెనీ ద్వీపం. అతను ఉండాల్సిన ఇల్లు సిద్ధం కాలేదని మొదట రెండు నెలలు బాల్కోంబ్ అనే కంపెనీ ఉద్యోగి తోటలో ఉంచారు. ఆ ఇంట్లో బెట్సీ అని పదమూడేళ్ళ అమ్మాయి. నాకంటే రెండేళ్ళు చిన్నది. ఆమె పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకాలు 1844లో అచ్చయ్యాయి. మా సోషల్ మాస్టారు ఆ పుస్తకాన్ని తన ఫోనులో తెరిచి ఇస్తే, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. చిన్నప్పుడు ఆమె ఊహలో నెపోలియన్ అంటే నుదుటి మధ్య ఒకే ఒక మండే కన్ను, చిన్న పిల్లల్ని నమిలేసే పొడుగాటి పళ్ళు ఉన్న రాక్షసుడు. అతను వస్తున్నాడంటే వణికిపోయింది. వచ్చింది ఒక మామూలు మనిషి. నాలుగు రోజుల్లో ఇద్దరికీ స్నేహం కలిసింది. అతనితో పోట్లాడేది, అతన్ని ఆట పట్టించేది. ప్రపంచాన్ని వణికించినవాడిని ఈ పిల్ల వణికించింది అనుకుంటూ నవ్వుకుని చదువుతున్నాను.

అంతలో ఒక సంఘటన వచ్చింది. ఒకరోజు వాళ్ళింటికి తెలిసినవాళ్ళ చిన్న పాప వచ్చింది. ఆ పాపకి బోనీ అంటే హడలు. అతను ఇక్కడే ఉన్నాడని తెలిసి ఏడుపు మొహం పెట్టింది. బెట్సీ ఏం చేయాలి? పాపని ఊరుకోబెట్టాలి. అలా చేయకుండా పరిగెత్తుకెళ్ళి నెపోలియన్‌కి చెప్పింది. అతను జుట్టు పైకి రేపుకుని, తల ఊపుతూ, మొహం భయంకరంగా పెట్టి, పాప ముందుకొచ్చి ఒక్క అరుపు అరిచాడు. ఆ పాప కెవ్వుమని కేకలు పెట్టింది. ఎంతకీ ఆపకపోతే అక్కడి నుంచి తీసుకుపోయారు.

నేను ఫోను పక్కన పెట్టేశాను. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

మా చెల్లికి ఆరేళ్ళు. దసరా సెలవుల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. నాయనమ్మ దాన్ని పడుకోబెట్టాలని ఎప్పటిలాగే "బూచాడొస్తాడు, కళ్ళు మూసుకో" అంటోంది. నేను వెనక తలుపు నుంచి వెళ్ళి, నల్ల దుప్పటి నెత్తి మీదుగా కప్పుకుని, సెల్లు లైటు గడ్డం కింద పెట్టుకుని, గది తలుపు వెనక నుంచి ఒక్కసారి దూకాను. నవ్వుతుందనుకున్నాను. అది అరవలేదు కూడా. గుడ్లు తేలేసి అలా నిలబడిపోయింది. తర్వాత ఒళ్ళంతా వణుకు. తెల్లారేసరికి జ్వరం. నాయనమ్మ జడుపు జ్వరం అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పడేసింది. నాన్నగారు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. అది మాత్రం నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పటికీ లైటు ఆర్పితే పడుకోదు.

"దాన్ని అలా చూస్తే నా గుండెల్లో రైళ్ళు పరిగెట్టాయిరా" అని నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మా యానానికి రైలే లేదు, ఎక్కాలంటే కాకినాడ వెళ్ళాలి. అయినా మా గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. దక్షిణ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1856లో, మద్రాసు రాయపురం నుంచి. కాబట్టి ఈ జాతీయం అంతకంటే పాతది అయ్యే వీల్లేదు. రైలుని మొదట చూసినవాళ్ళకి ఆ చప్పుడు ఎంత దడ పుట్టించి ఉంటే అది గుండెల్లోకి ఎక్కుతుంది! ఇప్పుడు మనం రైల్లో నిద్రపోతూ వెళ్తాం.

ఆ రాత్రి నాన్నగారు నాకు రయట్ యాక్టు చదివారు. ఇది కూడా మేడం గారు బోర్డు మీద రాసినదే. "రీడ్ ద రయట్ యాక్ట్" అంటే గట్టిగా హెచ్చరించి హడలగొట్టడం. డిక్షనరీలో ఉదాహరణకి, గది సర్దని పిల్లలకి అమ్మ రయట్ యాక్టు చదివింది అని ఉంది. చూస్తే ఇదేదో ఇంటి మాటలా ఉంది. కాదు. అది నిజంగా ఒక చట్టం, దాన్ని నిజంగానే చదివేవారు.

1714లో మొదటి జార్జి ఇంగ్లండుకి రాజయ్యాడు. జర్మనీ నుంచి వచ్చిన రాజు. ఇష్టం లేనివాళ్ళు చాలా మంది, ఊరూరా గొడవలు. అందుకని ఈ చట్టం తెచ్చారు, 1715 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పన్నెండు మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ గుంపు కట్టి అల్లరి చేస్తుంటే, మేజిస్ట్రేటు వచ్చి రాజుగారి పేరు మీద ఒక చిన్న ప్రకటన పైకి చదవాలి. చదివాక గంట టైము. గంట దాటి అక్కడ ఉన్నవాడికి ఉరిశిక్ష వేయొచ్చు. గుంపుని చెదరగొట్టేటప్పుడు ఎవరైనా చచ్చిపోతే, చంపినవాళ్ళ మీద కేసు ఉండదు. ప్రకటన చివర రాజుని దేవుడు కాపాడాలనే ముక్క కూడా తప్పకుండా చదవాలి. 1830లో ఒక కేసులో చదివినాయన ఆ ముక్క వదిలేశాడు, దాంతో ఈ చట్టం కింద వేసిన శిక్ష చెల్లలేదు. ఒక్క ముక్క మర్చిపోతే ప్రాణాలు దక్కాయి. మా నాన్నగారైతే గంట కూడా ఇవ్వలేదు లెండి.

ఇది చదివేటప్పుడు నాకు తారీఖు దగ్గర కళ్ళు ఆగాయి. 1819 ఆగస్టు 16. ఆగస్టు 16 మాకు సెలవు. 1962లో ఆ రోజునే యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహే చట్టప్రకారం భారతదేశంలో కలిశాయి. జెండా ఎగరేస్తాం, స్వీటు ఇస్తారు. 1819లో అదే తారీఖున మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానానికి అరవై వేల మంది దాకా జనం వచ్చారు. మాంచెస్టర్ అంటే మనకి పాఠాల్లో మన చేనేతవాళ్ళ పొట్ట కొట్టిన మిల్లు గుడ్డల ఊరు. కానీ ఆ మైదానంలో నిలబడ్డవాళ్ళలో చాలామంది కూడా చేనేతవాళ్ళే, మిల్లుల వల్ల కూలి పడిపోయినవాళ్ళే. ఇది మా పాఠంలో లేదు. అంత పెద్ద ఊరికి పార్లమెంటులో సొంతంగా ఒక్క సభ్యుడు లేడు. ఓటు కావాలని అడగడానికి వచ్చారు. పండగ బట్టలు కట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. హెన్రీ హంట్ అనే ఆయన మాట్లాడాలి.

పక్క ఇంట్లోంచి చూస్తున్న మేజిస్ట్రేట్లకి భయం వేసింది. రయట్ యాక్టు చదివామని తర్వాత వాళ్ళు చెప్పారు. మైదానంలో ఉన్నవాళ్ళకి అది వినపడలేదు. అరవై వేల మంది మధ్య ఒక మనిషి గొంతు ఎంత దూరం వెళ్తుంది? గంట మాత్రం ఎవరూ ఆగలేదు. గుర్రాల మీద కత్తులు దూసి జనంలోకి వచ్చారు. పద్దెనిమిది మంది దాకా చనిపోయారు, దెబ్బలు తగిలినవాళ్ళు వందల్లో ఉన్నారు. చనిపోయినవాళ్ళలో మొదటివాడు విలియం ఫిల్డెస్, రెండేళ్ళవాడు. మైదానానికి వస్తున్న గుర్రం తగిలి తల్లి చేతుల్లోంచి కింద పడ్డాడు. నాలుగేళ్ళ కిందట వాటర్లూలో గెలిచామని చెప్పుకునేవాళ్ళని ఎత్తిపొడుస్తూ జనం దానికి "పీటర్లూ" అని పేరు పెట్టారు. వాళ్ళు పిల్లల్ని బోనీ పేరు చెప్పి భయపెట్టారు. విలియం ఫిల్డెస్ దగ్గరికి వచ్చింది బోనీ కాదు, సొంత ఊరివాళ్ళే.

ఆ చట్టం ఇంగ్లండులో 1967లో రద్దయింది. ఇప్పుడు అది గది సర్దని పిల్లల మీద వాడే మాట.

మన దేశంలో దాని పోలిక ఎక్కడుందో వెతికాను. ఇంగ్లీషువాళ్ళు 1860లో రాసిన మన శిక్షాస్మృతిలో చట్టవిరుద్ధమైన గుంపు అనాలంటే పన్నెండు మంది అక్కర్లేదు, అయిదుగురు చాలు. ఇప్పటి కొత్త న్యాయ సంహితలో కూడా ఆ అయిదే ఉంది. వాళ్ళకి పన్నెండు, మనకి అయిదు. ఈ తేడా గురించి మాస్టారు గారిని అడిగితే "అదే పరాయి పాలన అంటే" అన్నారు.

ఇంకొక సంగతి రాయకుండా ఉండలేను. పీటర్లూ జరిగిన సరిగ్గా నూరో ఏట, 1919 ఏప్రిల్ 13న అమృతసర్‌లో జలియన్‌వాలా బాగ్. ఆ ఉదయం జనరల్ డయ్యర్ ఊళ్ళో కొన్ని చోట్ల డప్పు కొట్టించి, సభలు పెట్టకూడదని ప్రకటన చదివించాడు. చాలామందికి అది చేరలేదు. సాయంత్రం బాగ్ దగ్గర ఏ హెచ్చరికా లేదు. గంట కాదు, నిమిషం కాదు. దాదాపు పది నిమిషాలు, 1650 తూటాలు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క 379 మంది. తర్వాత హంటర్ కమిటీ ముందు డయ్యర్ ఏం చెప్పాడో చదివాను. కాల్చకుండానే జనాన్ని పంపించగలిగి ఉండేవాడినేమో గానీ, అలా చేస్తే వాళ్ళు మళ్ళీ వచ్చి తనని చూసి నవ్వేవారని చెప్పాడు. పంజాబు మొత్తానికి గట్టి పాఠం చెప్పాలనుకున్నానన్నాడు. అంటే అక్కడున్నవాళ్ళని చంపింది అక్కడ లేనివాళ్ళని భయపెట్టడానికి.

జలియన్‌వాలా బాగ్ మన ఏ భాషలోనూ సరదా జాతీయం కాలేదు. ఎవరూ పిల్లల్ని కోప్పడుతూ ఆ పేరు వాడరు. నేను ఆలోచిస్తే ఇంత కనిపించింది: భయం పోయినవాళ్ళ నోట్లోనే ఆ మాట తేలికవుతుంది. వాచిన కన్ను ఎవరికీ గుర్తు లేదు కాబట్టి డేలైట్స్ నవ్వొచ్చే మాట అయింది. బోనీ ఇక రాడని తెలిశాక అది జోకైంది. మా క్లాసు నవ్వింది కూడా అందుకే. నా వాక్యంలో ఉన్న చెల్లి ఎవరో వాళ్ళకి తెలీదు.

ఇదంతా రాసి మేడం గారికి చూపించాను. మొత్తం చదివి, "చెల్లి ఎలా ఉంది?" అని అడిగారు. బానే ఉందండీ అన్నాను. "లైటు?" అన్నారు. ఇంకా వేసే పడుకుంటోందని చెప్పాను.

నాయనమ్మ ఇప్పుడు బూచాడి పేరు ఎత్తడం లేదు. పోలీసోడి పేరు కూడా ఎత్తడం లేదు. చెల్లి నాతో మాట్లాడుతోంది. రోజూ పడుకునే ముందు "అన్నయ్యా, తలుపెనకాల చూడు" అంటుంది. నేను లేచి వెళ్ళి, తలుపు పూర్తిగా తీసి, వెనక చెయ్యి పెట్టి చూపిస్తాను. "మంచం కింద?" అంటుంది. వంగి చూస్తాను. "కిటికీ?" అంటుంది. మొన్న రాత్రి కిటికీ కూడా చూసి వచ్చాక, ఇంకా కళ్ళు తెరుచుకునే ఉంది. ఇంకెక్కడ చూడాలే అని అడిగాను. "ఏం లేదు, నువ్వు ఇక్కడే కూర్చో, నాకు కనపడేలాగ" అంది. లెక్కల పుస్తకం తెచ్చుకుని అక్కడే కూర్చున్నాను.